మన మాట మీద మరొకరి మార్కా: అభ్యంతరం చెప్పే దారి

(జిమల్‌గట్టలో సరిహద్దు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమ్మనుడి హక్కు అనగానే మనకు ముందుగా బడి గుర్తుకు వస్తుంది. తెలుగు పంతులు, తెలుగు పుస్తకం, రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం, వీటి గురించి ఈ పత్రిక పుటల్లో ఎన్నోసార్లు చర్చించుకున్నాం. ఇకముందూ చర్చించుకోవలసిందే. ఈనాటి నా విషయం మాత్రం బడి గడప దాటి సంతలోకి వచ్చిన తెలుగు మాటను గురించి. సంచి మీదా, సీసా మీదా, అగరువత్తుల పెట్టె మీదా అచ్చయ్యే తెలుగు మాట ఎవరిది? దానిని ఎవరైనా తన ఒక్కడిదిగా నమోదు చేయించుకోబోతే మనం ఏం చేయగలం?

మన పల్లెల్లో ‘మార్కా’ అంటాం. చట్టంలో దానిపేరు ట్రేడ్‌మార్కు. 1999లో చేసిన ట్రేడ్‌మార్కుల చట్టం 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులో ఉన్నది. ఒక వ్యాపారి తన సరుకును ఇతరుల సరుకు నుంచి వేరుగా గుర్తుపట్టించే పేరునో బొమ్మనో నమోదు చేయించుకుంటే, ఆ సరుకుకు సంబంధించి ఆ గుర్తు మీద పదేళ్లపాటు అతనికి ప్రత్యేక హక్కు దక్కుతుంది. పదేళ్లకొకసారి రుసుము కట్టి దానిని ఎంతకాలమైనా పొడిగించుకోవచ్చు. కష్టపడి పేరు తెచ్చుకున్నవానికి ఈ రక్షణ న్యాయమే. చిక్కు వచ్చేది ఆ పేరు అందరి నోళ్లలోనూ నానుతున్న మాట అయినప్పుడు.

ఒక ఉదాహరణ ఊహించండి. గడ్చిరోలి 1993 నుంచి మద్యనిషేధం ఉన్న జిల్లా. అందుచేత ఇప్పపువ్వు అనగానే పోలీసుల కన్ను మన మీద పడే రోజులు చాలాకాలం నడిచాయి. ఇప్పుడు గాలి మారింది. ప్రాణహితకు ఆవలి ఒడ్డున, ఆదిలాబాదు జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. రేపు ఇక్కడ మన మహిళా సంఘాలూ చేస్తాయి. అంతలో ఎక్కడో పట్టణంలోని ఒక సంస్థ ‘ఇప్ప’ అనే మాటను మిఠాయిలకు తన మార్కాగా నమోదు చేయమని దరఖాస్తు పెట్టిందనుకోండి. అదే సంస్థ మరాఠీలో ‘మోహఫూల్’ అని దరఖాస్తు పెడితే ముంబయి కార్యాలయంలో పరిశీలకుడు మొదటి చూపులోనే, ఇది సరుకు పేరు, మార్కా ఎలా అవుతుందని అడుగుతాడు. హిందీలో ‘మహువా’ అన్నా అంతే. కాని ‘ఇప్ప’ అన్నది ఆయన చెవికి అర్థంలేని, కొత్తగా కల్పించిన పదంలా వినిపిస్తుంది. కల్పిత పదాలకు మార్కాగా నమోదు అతి సులువుగా దొరుకుతుంది. పువ్వు ఒకటే, చెట్టు ఒకటే. భాష మారేసరికి రక్షణ మారిపోయింది. నేను దీనిని భాషా హక్కుల విషయం అంటున్నది ఇందుకే.

చట్టం మన వైపు లేదని కాదు. 9వ సెక్షను స్పష్టంగా ఉన్నది. సరుకు రకాన్ని, నాణ్యతను, ప్రయోజనాన్ని, పుట్టిన చోటును మాత్రమే తెలిపే మాటను నమోదు చేయరాదు. వాడుక భాషలో పరిపాటి అయిపోయిన మాటనూ చేయరాదు. వాడుక భాష అంటే హిందీయో ఇంగ్లీషో అని ఆ సెక్షనులో ఎక్కడా లేదు. 1955లోనే కలకత్తా హైకోర్టు, నూనెకు ‘రసోయీ’ అనే మార్కాను నమోదు చేయడానికి అంగీకరించలేదు. రసోయీ అంటే వంట. వంటనూనె అమ్మేవాళ్లందరికీ అవసరమైన మాట. అది హిందీకి వర్తిస్తే తెలుగుకూ వర్తిస్తుంది, గోండీకీ మాడియాకూ వర్తిస్తుంది.

అయితే చట్టం తనంత తాను కదలదు. తెలుగు లిపిలో ఉన్న మార్కాకు దరఖాస్తు పెట్టేవారు దాని ఉచ్చారణను, అర్థాన్ని ఇంగ్లీషులోనో హిందీలోనో రాసి, అది ఏ భాషా పదమో చెప్పాలని నియమం ఉన్నది. చూడటానికి మంచి నియమమే. కాని అర్థం చెప్పేది ఎవరు? ఆ మాటను తనది చేసుకోదలచినవాడే. అదే మాటను రోమన్ అక్షరాల్లో రాసి ఇస్తే, అది ఏ భాషదో కార్యాలయానికి అనుమానమే రాకపోవచ్చు. కనుక ఆ మాట మాట్లాడేవాళ్లు నోరు విప్పి చెప్పకపోతే, చెప్పడానికి మరెవ్వరూ లేరు.

ఆ చెప్పే అవకాశం 21వ సెక్షనులో ఉన్నది. అందులోని రెండు మాటలు నాకు చాలా ఇష్టం: ‘ఏ వ్యక్తి అయినా’. అభ్యంతరం చెప్పడానికి మీకు సొంత మార్కా ఉండనక్కరలేదు. దుకాణం ఉండనక్కరలేదు. దరఖాస్తుదారుతో పోటీ ఉండనక్కరలేదు. ఇప్పపువ్వు ఏరుకునే అవ్వ అయినా, గ్రామసభ అయినా, మహిళా సంఘమైనా, తెలుగు పంతులైనా చెప్పవచ్చు. మన చట్టాల్లో ఇంత వెడల్పుగా తెరిచిన తలుపులు తక్కువ.

ఈ తలుపు ఎలా పనిచేస్తుందో చూపే తీర్పు ఒకటున్నది. పాట్నాలో ఒక అగరువత్తుల వ్యాపారి ‘రామాయణ్’ అనే పేరును తన మార్కాగా నమోదు చేయమని అడిగాడు. అదే ఊళ్లో అదే వ్యాపారం చేసే మరొకరు అభ్యంతర నోటీసు ఇచ్చారు. అసిస్టెంటు రిజిస్ట్రారు మొదట ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చారు. అప్పీలు బోర్డులో అభ్యంతరమే నెగ్గింది. చివరికి 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు, పవిత్ర గ్రంథం పేరును ఏ ఒక్కరూ సరుకుకు తన సొంత మార్కాగా చేసుకోజాలరని తేల్చింది. మొదటి మెట్టు మీద ఓడిపోయిన అభ్యంతరమే పై మెట్టు మీద గెలిచింది గమనించండి. దేవతల పేర్లన్నీ ఇక మార్కాలు కాజాలవని మాత్రం ఈ తీర్పుకు అర్థం కాదు. ఆ పేరుకు ముందో వెనుకో ప్రత్యేకమైన మాటలు చేర్చితే సంగతి వేరు కావచ్చునని కోర్టే అన్నది. మన సమ్మక్క సారలమ్మల పేర్ల విషయంలో ఎవరైనా నన్ను అడిగితే, దరఖాస్తులో ఏమున్నదో చూడకుండా నేను జవాబు చెప్పను.

బయటి దేశపు సంగతి ఒకటి. బ్రెజిల్‌లోని అమెజాన్ అడవిలో ‘కుపువాసు’ అనే పండు కాస్తుంది. అక్కడివాళ్లకు మనకు తునికిపండు ఎంతో అదీ అంతే. 1998లో జపానుకు చెందిన అసాహి ఫుడ్స్ అనే సంస్థ ఆ పండు పేరునే జపానులో తన ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకున్నది. దానితో ఆ పండు సరుకును దాని పేరుతో అక్కడ అమ్ముకోవడం అడవివాళ్లకు ప్రమాదంగా మారింది. బ్రెజిల్ సంఘాలు గొడవ చేశాయి, జపాను కార్యాలయంలో సవాలు చేశాయి. 2004 మార్చిలో ఆ నమోదు రద్దయింది. 2008లో బ్రెజిల్ ప్రభుత్వం కుపువాసును జాతీయ ఫలంగా చట్టం చేసి ప్రకటించింది. ఒక పండు పేరు తిరిగి తెచ్చుకోవడానికి ఆరేళ్లు పట్టింది. నమోదు కాకముందే అడ్డుకుంటే ఇంత దూరం పోనక్కరలేదు.

ఇక పద్ధతి. దరఖాస్తును కార్యాలయం పరిశీలించి ప్రాథమికంగా అంగీకరించిన తరువాత ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో ప్రకటిస్తుంది. ఆ జర్నల్ వారానికొకసారి, సోమవారంనాడు, ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా వెలువడుతుంది. ప్రకటించిన నాటి నుంచి నాలుగు నెలలు మనకు గడువు. పూర్వం మూడు నెలలుండి, అడిగితే మరో నెల ఇచ్చేవారు. 2013 జులై నుంచి నాలుగు నెలలు ఒక్కటే గడువు, దాని మీద ఒక్కరోజు కూడా పొడిగింపు లేదు. ఊళ్లో జాతర ఉన్నదనో, వానలకు వాగు పొంగిందనో చెప్పుకోవడానికి వీలు లేదు. ఈ ప్రాంతంలో వాగు నిజంగానే పొంగుతుందని ఆ నియమం రాసినవారికి తెలియదు. తెలిసినా మార్చేవారో లేదో.

జర్నల్‌లో వెతకడం ఒక విద్య. సరుకులను తరగతులుగా విభజించారు. తేనె, మిఠాయిలు 30వ తరగతి. అడవి నుంచి వచ్చిన పచ్చిసరుకు 31. అగరువత్తులు 3. బీడీలు 34. మన తునికాకుకు సంబంధించిన పేర్లు కనిపించేది అక్కడే. తెలుగు మాటలు అక్కడ ఎక్కువగా రోమన్ లిపిలో దాక్కుని ఉంటాయి. ‘ఇప్ప’ అన్నది ఐ అక్షరంతో రావచ్చు, ఇ అక్షరంతో రావచ్చు, ఒక పి ఉండవచ్చు, రెండు ఉండవచ్చు. అన్ని రూపాలూ వెతకాలి. ఉచ్చారణను బట్టి వెతికే సదుపాయం ఆ వెబ్‌సైటులో ఉన్నది. కాలేజీకి పోయే పిల్లలు వారానికి ఒక గంట కేటాయిస్తే సరిపోయే పని.

అభ్యంతరం ‘టి.ఎం.–ఓ’ అనే ఫారంలో ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తే ఒక్కొక్క తరగతికి 2,700 రూపాయలు, కాగితం మీద ఇస్తే 3,000 రూపాయలు. ఆన్‌లైన్‌కు డిజిటల్ సంతకం కావాలి. లేనివాళ్లు న్యాయవాది ద్వారానో నమోదైన ట్రేడ్‌మార్కు ఏజెంటు ద్వారానో దాఖలు చేయించవచ్చు. నోటీసులో దరఖాస్తు సంఖ్య, ఏ తరగతి, ఏ జర్నల్, అభ్యంతరం చెప్పేవారి పేరు చిరునామా, అన్నిటికన్నా ముఖ్యంగా అభ్యంతరానికి కారణాలు ఉండాలి. కారణాలను సెక్షన్లతో సహా రాయాలి. ‘మా భాషకు అవమానం జరిగింది’ అని రాస్తే రిజిస్ట్రారు చేయగలిగింది ఏమీ లేదు. ‘ఈ మాట తెలుగులో ఫలానా చెట్టు పువ్వుకు పేరు, దరఖాస్తులో చెప్పిన సరుకు ఆ పువ్వుతో చేసినదే, కనుక 9వ సెక్షను ప్రకారం నమోదు కుదరదు’ అని రాస్తే ఆయన తప్పించుకోలేరు. చివర, రాసినవి నిజమని ధ్రువీకరిస్తూ సంతకం ఉండాలి.

ఎక్కడ దాఖలు చేయాలన్నది దరఖాస్తుదారు ప్రధాన వ్యాపార స్థలాన్ని బట్టి ఉంటుంది. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ వ్యాపారులైతే ముంబయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వ్యాపారులైతే చెన్నై. ‘ఇప్ప’ మాట మీద కన్ను వేసేవాడు హైదరాబాదువాడే కావచ్చునన్నది మరువకండి. తెలుగువాడు తెలుగు మాటను గుత్తకు తీసుకున్నా అది గుత్తే.

ఇక్కడి నుంచి తేదీలు జాగ్రత్త. మన నోటీసు ప్రతిని కార్యాలయం దరఖాస్తుదారుకు పంపుతుంది. అందిన రెండు నెలల్లోగా అతను కౌంటరు వేయాలి. వేయకపోతే దరఖాస్తును వదులుకున్నట్లే చట్టం భావిస్తుంది. చాలా దరఖాస్తులు ఈ మెట్టు మీదనే రాలిపోతాయి. కౌంటరు వేస్తే, దాని ప్రతి మనకు అందిన రెండు నెలల్లో మన సాక్ష్యాన్ని అఫిడవిట్ రూపంలో ఇవ్వాలి. లేదా నోటీసులో రాసినవాటి మీదనే ఆధారపడుతున్నామని రాసి ఇవ్వాలి. రెండూ చేయకపోతే ఈసారి మన అభ్యంతరం రాలిపోతుంది. తరువాత అతని సాక్ష్యానికి రెండు నెలలు, మన బదులు సాక్ష్యానికి ఒక నెల, ఆ పైన విచారణ. విచారణను ఒక్కొక్క పక్షం రెండుసార్లకు మించి వాయిదా కోరరాదు. విచారణలు ఇప్పుడు వీడియో ద్వారా జరుగుతున్నాయి గనుక జిమల్‌గట్ట నుంచి ముంబయికి వెయ్యి కిలోమీటర్లు పోనక్కరలేదు. సిగ్నల్ దొరికే చోటికి పోతే చాలు. అది చిన్న పని కాదని మీ నవ్వులే చెబుతున్నాయి.

సాక్ష్యం గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. మనవాళ్లు వెనుకబడేది అక్కడే. ‘ఇది మా అమ్మమ్మ కాలం నుంచీ ఉన్న మాట, దీనికి సాక్ష్యమేమిటి’ అంటారు. అమ్మమ్మే సాక్ష్యం. ఆమె చెప్పింది తెలుగులో రాయించి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించి, నోటరీ ఎదుట ప్రమాణం చేయిస్తే అది అఫిడవిట్ అవుతుంది. దానికి తోడు నిఘంటువులు. బ్రౌన్ దొర తెలుగు నిఘంటువు 1852 నాటిది. అందులో ఉన్న మాటను నిన్నమొన్న ఒక సంస్థ కల్పించిందని ఎవరూ అనలేరు. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఉన్నది. వృత్తి పనివాళ్ల మాటలకైతే భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా సేకరింపజేసిన మాండలిక వృత్తిపదకోశాలు ఉన్నాయి. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. ఆయన భాషాశాస్త్రం కోసం చేసిన పని రిజిస్ట్రారు ఎదుట నాగలి పేరునూ మగ్గం పేరునూ కాపాడే పత్రంగా ఉపయోగపడుతుంది. వీటితోపాటు సంత రసీదులు, గ్రామసభ తీర్మానాలు, వర్తకుల పాత చిట్టాలు, పెళ్లి సామాను జాబితాలు, ఆ మాట తేదీతో సహా కనిపించే ఏ కాగితమైనా సరే. ఇతరులు కూడా ఆ పేరుతో సరుకు అమ్ముతున్నారని చూపే సంచులు, ఫోటోలు చాలా బలమైన సాక్ష్యం.

ఇక్కడ భాష ప్రశ్న మళ్లీ వస్తుంది. తెలుగు కాగితం జతపరిస్తే దానికి ధ్రువీకరించిన ఇంగ్లీషు లేదా హిందీ అనువాదం ఇవ్వాలి. మరాఠీ కాగితానికీ అంతే, ఈ విషయంలో మన మరాఠీ సోదరులూ మనమూ ఒకే పడవలో ఉన్నాం. ‘రాజ్యాంగం 350వ అధికరణం ఏ అధికారికైనా దేశంలోనో రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చుకునే హక్కు ఇచ్చింది కదా, తెలుగులోనే నోటీసు ఇద్దాం’ అని ఉద్యమ మిత్రులు అనవచ్చు. ఆ పోరాటం చేయవలసిందే. నాలుగు నెలల గడువు నడుస్తుండగా మాత్రం వద్దు. నోటీసు ఇంగ్లీషులో వేద్దాం, తెలుగు మూలాన్ని జత చేద్దాం. నియమం మార్చమని అడిగే విన్నపాన్ని వేరుగా, తెలుగులో పంపుదాం. భాషాభిమానం గడువును మింగేస్తే లాభపడేది ఎదుటివాడే.

అన్నిటికీ అభ్యంతరం చెప్పమని నేను అనడం లేదు. మన సిరొంచ కుర్రవాడు ఒకడు ఏదో కొత్త పేరు కల్పించుకుని, తన తేనెకు మార్కా తెచ్చుకుంటే చప్పట్లు కొట్టాలి. సరుకుతో సంబంధం లేని తెలుగు మాటను మార్కాగా పెట్టుకున్నా తప్పు లేదు. ‘ఇప్ప’ అని గొడుగులకు పేరు పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. అంతేకాదు, మామూలు మాట కూడా దీర్ఘకాల వాడుకతో ఒకరికి గుర్తుగా స్థిరపడిపోవచ్చు. 9వ సెక్షనులోనే ఆ మినహాయింపు ఉన్నది. ‘ఈనాడు’ వ్యాజ్యం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. బెంగళూరుకు చెందిన అగరువత్తుల సంస్థ 1995 నుంచి ఆ పేరుతో వత్తులు అమ్మింది. 1974 నుంచి ఆ పేరుతో దినపత్రిక నడుపుతున్న ఉషోదయా సంస్థ కోర్టుకు వెళ్లింది. ఇది నిఘంటువులో ఉన్న మాట, కన్నడంలో దీనికి ‘ఈ నాడు, ఈ దేశం’ అని అర్థం అన్నది బెంగళూరు వారి వాదన. తెలుగులో అర్థం వేరు. 2011 మార్చి 3న సుప్రీంకోర్టు, ఆంధ్రప్రదేశ్‌లో ఆ మాట వినగానే జనానికి స్ఫురించేది ఆ పత్రికే గనుక అక్కడ ఆ పేరుతో అగరువత్తులు అమ్మరాదని తేల్చింది. అది నమోదు మీద అభ్యంతరం కాదు, పేరు చాటున సరుకు చెలామణీ చేయడం మీద వ్యాజ్యం. అయినా మనకు పనికివచ్చే సంగతి ఒకటున్నది. రోజూ పలికే మాట కూడా కాలం గడిచేకొద్దీ ఒకరి సొత్తు కాగలదు. కనుక ‘ఎవడో ఏదో పేరు పెట్టుకున్నాడు, మనకేం’ అని పదేళ్లు ఊరుకుని, ఆ తరువాత నిఘంటువు తెరిస్తే ప్రయోజనం ఉండకపోవచ్చు.

గడువు దాటి నమోదు అయిపోతే? 57వ సెక్షను కింద రిజిస్ట్రారుకో హైకోర్టుకో రద్దు కోరుతూ దరఖాస్తు పెట్టవచ్చు. కాని అక్కడ ‘ఏ వ్యక్తి అయినా’ అన్న మాట లేదు. ‘బాధిత వ్యక్తి’ అని ఉన్నది. ఆ నమోదు వల్ల మీకు ఏ నష్టం కలిగిందో ముందు చూపాలి. తలుపు ఉన్నది గాని ఇరుకైనది. మరొక రక్షణ 35వ సెక్షను. నమోదైన మార్కా ఉన్నా, మీ సరుకు ఏమిటో నిజాయితీగా చెప్పడానికి ఆ మాటను మీరు వాడుకోవచ్చు. ఎవరో మార్కా నమోదు చేసుకున్నా ‘ఇప్పపువ్వుతో చేసిన లడ్డు’ అని రాసుకోవడాన్ని చట్టం అడ్డుకోదు. అయితే న్యాయవాది నోటీసు ఒకటి వస్తే, చట్టం ఏం చెప్పిందో చదవకముందే అహేరి దుకాణదారు మీ పొట్లాలను అరమీద నుంచి తీసేస్తాడు. మహిళా సంఘానికి ఒక సీజను పోయిందంటే పెట్టుబడి పోయినట్లే. కోర్టులో గెలిచే లోపల సంఘమే మూతపడవచ్చు.

రిజిస్ట్రారు మనకు వ్యతిరేకంగా తీర్పు ఇస్తే మూడు నెలల్లో హైకోర్టులో అప్పీలు వేయవచ్చు. పూర్వం అప్పీళ్లు వినే ప్రత్యేక బోర్డు 2021లో రద్దయింది.

ఒక విన్నపం చేసి ముగిస్తాను. ఇక్కడ ఉమానూరు, దేచలిపేట వైపు నుంచి వచ్చినవాళ్లున్నారు, సిరొంచ నుంచి వచ్చినవాళ్లున్నారు. మీరు అమ్మే, కొనే, ఏరే, నేసే, వండే వస్తువుల పేర్లు మీ ఇంట్లో ఎలా పలుకుతారో అలాగే ఒక పుస్తకంలో రాయండి. పక్కన మరాఠీ పేరు, గోండీ పేరు తెలిస్తే అదీ రాయండి. ఆ పేరు ఎవరి నోట విన్నారో, వారి వయసెంతో కూడా రాయండి. ఈ పుస్తకం రెండు పనులు చేస్తుంది. జర్నల్ వెతికే పిల్లలకు ఏ మాటలు వెతకాలో చెబుతుంది. అవసరం పడిననాడు అఫిడవిట్‌కు జతపరచే పత్రమవుతుంది. మొదటి పుటలో ఇప్ప, తునికి, సార, కరక్కాయ అని నేను రాసి తెచ్చాను. పుస్తకం ఈ బల్ల మీద ఉంచుతున్నాను. భోజనాలు అయ్యేలోగా రెండో పుట నిండాలి.